నమూనా కారు బాడీ: వాక్యూమ్ ఫార్మింగ్

వేడికి మెత్తబడిన పలుచని ప్లాస్టిక్ షీటును అచ్చు మీద పరిచి, అడుగున ఉన్న గాలిని తోడేస్తే, పైనున్న గాలి ఆ షీటును అచ్చుకు అదిమేస్తుంది. చల్లారేసరికి అచ్చు రూపం షీటుకు నిలిచిపోతుంది. దీన్నే వాక్యూమ్ ఫార్మింగ్ అంటారు. రిమోటుతో నడిచే కార్లకు, ట్రాకు గాడిలో పరుగెత్తే స్లాట్ కార్లకు, బల్ల మీద ప్రదర్శనకు పెట్టే నమూనాలకు పైతొడుగును, అంటే బాడీని, ఈ పద్ధతిలో చేస్తారు.

ఇదే పనికి ఇంజెక్షన్ మోల్డింగ్ అనే మరో పద్ధతి కూడా ఉంది. అందులో కరిగిన ప్లాస్టిక్‌ను రెండు ఉక్కు డైల నడుమకు ఒత్తిడితో ఎక్కిస్తారు. అంచులు పదునుగా వస్తాయి, మందం అంతటా సమానంగా ఉంటుంది. అయితే ఆ డైకే లక్షలు పోయాలి, వేల సంఖ్యలో సరుకు తీస్తేనే గిట్టుబాటవుతుంది. వాక్యూమ్ ఫార్మింగ్‌కు ఒక వైపు అచ్చుంటే చాలు. అది చెక్కదైనా, పుట్టీదైనా, ప్లాస్టర్‌దైనా పనికొస్తుంది. తన కారుకు ఒక్కటంటే ఒక్క బాడీ కావలసినవాడికి ఇంతకన్నా అందుబాటులో ఉన్న దారి లేదు.

ఈ వ్యాసం చిత్తూరు సీమ పడమటి మండలాలను, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలను దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని వివరిస్తుంది. టమాటాకు, పట్టుకు, గ్రానైటుకు పేరుపడ్డ ఈ ఊళ్లలో బాడీ తయారీకి కావలసిన పనితనం నాలుగు చోట్ల విడివిడిగా ఉంది: వడ్రంగి కొట్టం, కార్ల టింకరింగ్ షెడ్డు, ఫ్రిజ్ మెకానిక్కు దుకాణం, రాతి పాలిషు యూనిట్టు. ఈ నాలుగింటిలో మొదటి రెండే కీలకం. ఎంత మంచి పంపు పెట్టినా, ఎంత ఖరీదైన షీటు తెచ్చినా, బాడీ అందం అచ్చు దగ్గరే తేలిపోతుంది.

నారు ట్రేలో కనిపించే పాఠం

పడమటి మండలాల్లో ఎక్కువమంది చేతికి తగిలే వాక్యూమ్ ఫార్మింగ్ వస్తువు టమాటా నారు ట్రే. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. ఆ మార్కెట్టుకు వచ్చే కాయ చాలావరకు షేడ్‌నెట్ నర్సరీల్లో, కొబ్బరి పొట్టు నింపిన ప్రోట్రేల్లో నారుగా మొదలవుతుంది. 98 గుంటల నల్ల ట్రే ఈ ప్రాంతపు రైతుకు కొత్త కాదు. దాన్ని పాలీస్టైరీన్ లేదా పాలీప్రొపిలీన్ షీటును వేడిచేసి, గుంటల అచ్చులోకి లాగి తయారుచేస్తారు.

ఖాళీ ట్రేను ఎండకు ఎత్తిపట్టి చూస్తే ఈ విద్యలోని మూలసూత్రం కళ్లకు కడుతుంది. పై అంచు దళసరిగా ఉంటుంది, వెలుతురును రానివ్వదు. గుంట లోపలికి దిగేకొద్దీ గోడ పలచబడుతుంది. అట్టడుగు మూలల్లో నలుపు కాస్తా గోధుమ రంగుగా మారి వెలుతురు తొంగిచూస్తుంది. పాత ట్రే చిరిగేది కూడా అక్కడే. షీటులోని ప్లాస్టిక్ పెరగదు, ఉన్నదే సాగుతుంది. ఎక్కువ దూరం సాగిన చోట తక్కువ మందం మిగులుతుంది. కారు బాడీ తయారుచేసేవాడు మొదట లెక్క వేసుకోవలసింది దీన్నే.

లెక్క కష్టమేమీ కాదు. ఫ్రేములో బిగించిన షీటు వైశాల్యాన్ని, రూపం దాల్చాక ఉండే మొత్తం ఉపరితల వైశాల్యంతో భాగిస్తే సగటున ఎంత మందం మిగులుతుందో తెలుస్తుంది. 52 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న షీటు వైశాల్యం 1,456 చదరపు సెంటీమీటర్లు. దాని కింద 43 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల ఎత్తున్న కారు అచ్చు పెడితే, నిలువు గోడలు కలుపుకుని మొత్తం వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది. అంటే ఒక మిల్లీమీటరు షీటు సగటున అర మిల్లీమీటరుకు దిగుతుంది. ఇది సగటు మాత్రమే. అచ్చు పైభాగాన్ని షీటు ముందుగా తాకి అక్కడే చల్లబడుతుంది కాబట్టి కారు కప్పు దళసరిగా నిలుస్తుంది. ముందు, వెనక బంపర్ల కింది మూలలు అన్నిటికన్నా పలచనవుతాయి. పరుగు పందెంలో గోడకు గుద్దుకునేది ఆ మూలలే కావడం ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన లోపం. అందుకే అనుభవజ్ఞులు మూలలను గుండ్రంగా చెక్కుతారు, ఎత్తైన బండికి మందం షీటు వాడతారు.

కొంత చరిత్ర

వేడిచేసిన ప్లాస్టిక్ రేకును అచ్చుకు లాగడం సెల్యులాయిడ్ కాలంనాటి ఆలోచన. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల పారదర్శకపు పైకప్పులను యాక్రిలిక్ షీట్లతో మలిచారు. ఆ తర్వాత కొండలు, లోయలు ఉబ్బెత్తుగా కనిపించే పటాలను అచ్చుకు లాగి తయారుచేశారు. 1953లో జర్మనీలో బేయర్ సంస్థకు చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన డేనియల్ ఫాక్స్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే పాలీకార్బొనేట్‌ను కనుగొన్నారు. మొదటిది మాక్రోలాన్‌గా, రెండోది లెక్సాన్‌గా బజారుకెక్కాయి. పాలీకార్బొనేట్ ఎవరు తయారుచేసినా సరే, రిమోటు కార్లవాళ్లు ఇప్పటికీ దాన్ని లెక్సాన్ బాడీ అనే పిలుస్తారు.

1962లో అమెరికాలో మాటెల్ కంపెనీ వాక్-యు-ఫార్మ్ అనే ఆటవస్తువును అమ్మింది. చిన్న వేడి పలక మీద ప్లాస్టిక్ ముక్కను మెత్తబరిచి, చేతి పంపుతో అచ్చుకు లాగుకునే పరికరమది. పిల్లలు తమ బొమ్మ కార్లు, పడవలు తామే చేసుకున్నారు. అదే దశాబ్దంలో స్లాట్ కార్ల పందేలు విరివిగా సాగాయి. బరువు తగ్గేకొద్దీ వేగం పెరుగుతుందని తెలిసి, గట్టి ప్లాస్టిక్ బాడీల చోట కాగితంలా పలుచని పారదర్శక బాడీలు వచ్చాయి. 1976లో జపాన్‌కు చెందిన టామియా తన మొదటి రిమోటు కారుగా పన్నెండో వంతు కొలతలో పోర్షె 934ను విడుదల చేసింది. దానిది ఇంజెక్షన్ మోల్డింగ్ బాడీ. చూడముచ్చటగా ఉంటుంది, కానీ బరువెక్కువ. పందెపు కార్లు మాత్రం పాలీకార్బొనేట్ వైపు వెళ్లిపోయాయి. అడుగున ఛాసిస్ బరువుగా, పైన బాడీ తేలికగా ఉంటేనే కారు మలుపులో బోర్లాపడదు.

ఎత్తైన సీమలో గాలి పీడనం

వాక్యూమ్ పంపు షీటును కిందికి లాగుతుందని చాలామంది అనుకుంటారు. పంపు అడ్డు తొలగిస్తుందంతే, పని చేసేది పైనున్న గాలి. అందుకే ఆ గాలి పీడనం ఎంతో తెలిసి ఉండటం అవసరం. సముద్రమట్టం దగ్గర అది సుమారు 101 కిలోపాస్కల్స్. పడమటి మండలాలు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. 20వ శతాబ్ది తొలినాళ్లలో క్షయ రోగుల కోసం మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం వెలిసింది ఈ పొడి, చల్లని గాలిని చూసే. ఈ ఎత్తున పీడనం 93 కిలోపాస్కల్స్‌కు, అంటే సుమారు 8 శాతం తక్కువకు దిగుతుంది.

దీనివల్ల పనిలో పెద్ద నష్టమేమీ లేదు గానీ, ఒక పొరపాటుకు తావుంటుంది. సముద్రమట్టం దగ్గర సంపూర్ణ శూన్యానికి వాక్యూమ్ గేజి ముల్లు 29.9 అంగుళాలు చూపిస్తుంది. మదనపల్లెలో అదే గేజి 27.5 దగ్గర ఆగిపోతుంది. చెన్నైలో రాసిన సూచనల కాగితం పట్టుకుని 29 కోసం ఎదురుచూస్తే, లేని లీకు కోసం పైపులన్నీ విప్పాల్సి వస్తుంది.

బలం ఎంతో లెక్కేస్తే తెలియనివారికి ఆశ్చర్యం కలుగుతుంది. 52 × 28 సెంటీమీటర్ల షీటు మీద 93 కిలోపాస్కల్స్ పూర్తిగా పనిచేస్తే పడే బరువు సుమారు 1,380 కిలోలు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ సుమారు 20 కిలోపాస్కల్స్ లాగుతుంది. దానితో 300 కిలోల బలం వస్తుంది. హిప్స్ (దెబ్బకు తట్టుకునే రకం పాలీస్టైరీన్) వంటి మెత్తని షీటుకు, గుండ్రని ఆకారాలకు అది చాలు. పాలీకార్బొనేట్‌కు, బానెట్టు మీది గీతలు స్పష్టంగా రావాలనుకునేవారికి అది చాలదు.

అప్పుడు ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే మెకానిక్కులు గ్యాసు నింపేముందు వాడే రోటరీ వాక్యూమ్ పంపు పనికొస్తుంది. అది దాదాపు సంపూర్ణ శూన్యాన్ని ఇస్తుంది, కాకపోతే నెమ్మదిగా. షీటు కింద ఉన్న పది లీటర్ల గాలిని అది తోడేలోపు షీటు చల్లబడి బిగుసుకుంటుంది. అందుకు ఉపాయం నడుమ ఒక ట్యాంకు పెట్టడం. 50 లీటర్ల పాత కంప్రెసర్ ట్యాంకును ముందే ఖాళీ చేసి ఉంచుకుని, షీటు అచ్చు మీదికి దిగిన క్షణంలో వాల్వు తిప్పితే, ఆ పది లీటర్ల గాలి ఒక్క గుక్కలో ట్యాంకులోకి పోతుంది. అడుగున మిగిలేది 15 కిలోపాస్కల్స్ మాత్రమే. తర్వాతి పని పంపు చూసుకుంటుంది. ప్లాస్టిక్ డ్రమ్ముల్ని, పలుచని రేకు డబ్బాల్ని ట్యాంకుగా వాడకూడదు. బయటి గాలి వాటిని నలిపేస్తుంది. వాడేసిన వంటగ్యాసు సిలిండర్లకు రంధ్రాలు వేసే ప్రయత్నం అసలే వద్దు.

ఏ కారు, ఏ కొలత

రిమోటు కార్లలో పదో వంతు కొలత బాగా వాడుకలో ఉంది. ఈ తరగతిలో రోడ్డు కార్ల ఛాసిస్‌కు ముందు, వెనక చక్రాల ఇరుసుల నడుమ దూరం సాధారణంగా 257 మిల్లీమీటర్లు ఉంటుంది. కాబట్టి బాడీ కోసం కారును ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది ఇరుసుల దూరాన్నే.

మదనపల్లెకు వాయవ్యాన పెనుకొండ దగ్గరున్న కియా కర్మాగారంలో 2019 నుంచి తయారవుతున్న సెల్టోస్‌ను ఉదాహరణగా చూద్దాం. ఆ తొలి సెల్టోస్ పొడవు 4,315 మిల్లీమీటర్లు, వెడల్పు 1,800, ఇరుసుల దూరం 2,610. పదో వంతు చేస్తే పొడవు 431, వెడల్పు 180, ఇరుసుల దూరం 261. బజారులో దొరికే ఛాసిస్‌కు నాలుగు మిల్లీమీటర్ల తేడా మాత్రమే. చక్రాల కమాను గీతను ముందుకు రెండు, వెనక్కి రెండు జరిపితే కంటికి తెలియదు. అంబాసిడర్‌ను ఎంచుకుంటే ఇరుసుల దూరం 2,464 కాబట్టి నమూనాలో 246 వస్తుంది. ఛాసిస్‌ను కుదించాలి, లేదా అంబాసిడర్ ముఖాన్ని సాగదీయాలి. రెండో పని చేస్తే తెలుగువాడెవడైనా ఇట్టే పసిగడతాడు. 2014 దాకా తయారై, మన ప్రభుత్వ కార్యాలయాల ముందు నిలబడ్డ కారు అది. మారుతీ 800కి 2,175 మిల్లీమీటర్లు. దానికి 210, 225 కొలతల్లో వచ్చే పొట్టి ఛాసిస్ కావాలి.

కొలతలకు మరో రెండు సవరణలు ఉన్నాయి. ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది. పాలీకార్బొనేట్‌కు ఇది 0.5 నుంచి 0.7 శాతం. 431 మిల్లీమీటర్ల బాడీ మూడు మిల్లీమీటర్ల దాకా తగ్గుతుందన్నమాట. అంతమేర అచ్చును పెంచాలి. మరోవైపు షీటు అచ్చు పైన కూర్చుంటుంది కాబట్టి రెండు పక్కలా దాని మందమంత అచ్చును తగ్గించాలి. పొడవులో మొదటి సవరణదే పైచేయి, వెడల్పులో రెండూ ఇంచుమించు సరిపోతాయి.

నిజమైన కంపెనీ కారును పోలిన బాడీని అమ్మకానికి చేయాలంటే ఆ కంపెనీ అనుమతి కావాలి. అనుమతి లేని తయారీదారులు రూపాన్ని కొంచెం మార్చి వేరే పేరుతో అమ్ముతుంటారు. సొంత కారుకు చేసుకునేవారికి ఈ బెడద లేదు.

అచ్చు

అచ్చు రెండు రకాలు. ఉబ్బెత్తు అచ్చు మీద షీటు పైనుంచి కప్పుకుంటుంది, గుంట అచ్చులో లోపలికి దిగుతుంది. గుంట అచ్చులో బయటి ముఖం అచ్చును తాకుతుంది కాబట్టి గీతలు పదునుగా వస్తాయి. కాని దాన్ని చెక్కాలంటే ముందు ఉబ్బెత్తు నమూనా చేసి, దాని నుంచి పోత పోయాలి. కారు బాడీలకు ఉబ్బెత్తు అచ్చే వాడుక. చెక్కడం తేలిక, సరిదిద్దడం తేలిక, పైముఖానికి షీటు సహజమైన మెరుపు మిగులుతుంది.

చెక్క దిమ్మకు బాగా ఆరిన మామిడి, వేప సరిపోతాయి. ఎండీఎఫ్ పలకలను ఒకదానిమీద ఒకటి అంటించి దిమ్మ చేసుకోవడం ఇంకా మేలు. దానికి చెక్కలా ఒకే దిశలో సాగే నారలు ఉండవు, పొరల మధ్య గీతలే మట్టపు గీతలుగా పనికొస్తాయి. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి చెక్కడానికి హాయిగానే ఉంటుంది గానీ, టన్నుకు పైగా బరువు మళ్లీ మళ్లీ పడితే దాని అంచులు నలుగుతాయి. పచ్చి చెక్క ఏదైనా పనికిరాదు. వేడి తగిలినప్పుడు అందులోని తేమ ఆవిరై షీటు కింద బుడగలు లేపుతుంది.

పని క్రమం ఇలా ఉంటుంది. కారు పక్కచిత్రాన్ని, పైచిత్రాన్ని అచ్చు కొలతలో కాగితం మీద తీసి దిమ్మకు అంటిస్తారు. ముందు పక్కచిత్రం ప్రకారం రంపంతో కోస్తారు, తర్వాత పైచిత్రం ప్రకారం. ఆపై అట్టముక్కల్లో కోసుకున్న అడ్డకోత నమూనాలను ప్రతి రెండు సెంటీమీటర్లకు ఆనించి చూస్తూ ఆకురాయితో గుండ్రం చేస్తారు. కుడి ఎడమలు ఒకేలా రావడం అన్నిటికన్నా కష్టం. అందుకు కుప్పం వైపు గ్రానైటు పాలిషు యూనిట్లలో మిగిలే ముక్క ఒకటి సంపాదించుకోవడం మంచిది. మెరుగుపెట్టిన ఆ రాయి ఇంట్లో దొరికే ఏ బల్లకన్నా మట్టంగా ఉంటుంది. అచ్చును దాని మీద నిలిపి, ఒకే ఎత్తున బిగించిన పెన్సిలును చుట్టూ తిప్పితే రెండు పక్కల గీతలూ సరిపోల్చుకోవచ్చు.

ఇక్కడి నుంచి పని టింకరింగ్ షెడ్డుది. సొట్టలు తీసిన కారు రేకుకు పుట్టీ పట్టించి, ఎమెరీ కాగితంతో నీళ్లు పోస్తూ రుద్ది, వేళ్ల కొసలతో తడిమి ఎత్తుపల్లాలు కనిపెట్టే పనివాడికి అచ్చు నునుపు చేయడం కొత్తగా నేర్పక్కర్లేదు. రెండు భాగాల పాలిస్టర్ పుట్టీ వేడికి తట్టుకుంటుంది. 180 నుంచి 400 నంబరు కాగితం దాకా వెళితే చాలు. అద్దంలా మెరిపిస్తే షీటు అచ్చుకు అతుక్కుని దాని కింద గాలి చిక్కుకుపోతుంది. సన్నని గరుకు గాలికి దారి ఇస్తుంది. పాలిషు మీద మోజున్నవారికి ఈ మాట రుచించదు, కానీ పారదర్శక బాడీలో చిక్కుకున్న గాలి మచ్చ ఎంత రంగు వేసినా దాగదు.

తలుపుల సందులు, బానెట్టు అంచు వంటి గీతలు చెక్కేటప్పుడు నిజమైన కొలతను నమ్ముకోకూడదు. అసలు కారులో తలుపు సందు నాలుగైదు మిల్లీమీటర్లుంటుంది. పదో వంతుకు అది అర మిల్లీమీటరు. గాడి వెడల్పు షీటు మందం కన్నా తక్కువైతే షీటు అందులోకి దిగదు, పైనుంచి వంతెన కట్టేస్తుంది. కాబట్టి గాడిని ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పున, కొంచెం లోతుగా చెక్కితేనే బాడీ మీద సహజంగా కనిపిస్తుంది. ఈ అతిశయోక్తి ఎంత ఉండాలో పుస్తకం చెప్పలేదు. చేయి తిరిగిన వాళ్లు షీటు మందాన్ని బట్టి, కారు గుణాన్ని బట్టి నిర్ణయించుకుంటారు.

అచ్చు పక్కగోడలు కిందికి వచ్చేకొద్దీ కొంచెం వెడల్పవ్వాలి. మూడు నుంచి ఐదు డిగ్రీల వాలు ఉంటే బాడీ సులభంగా ఊడొస్తుంది. చిక్కేమిటంటే, నిజమైన కార్లు తలుపుల కింది భాగంలో లోపలికి మడుచుకుంటాయి. ఆ మడత చిన్నదైతే పలుచని షీటును పక్కకు లాగి తప్పించవచ్చు. పెద్దదైతే అచ్చును పొడవునా మూడు ముక్కలు చేయాలి. నడిమి ముక్కను ముందు జారవిడిస్తే పక్క ముక్కలు లోపలికి వాలి బయటికొస్తాయి. అచ్చు కింద ఒక సెంటీమీటరున్నర ఎత్తున పీఠం పెట్టడం మరవకూడదు. అచ్చు కూర్చునే అడుగు పలకను షీటు కలిసే చోట గుండ్రని వంపు వస్తుంది. ఆ వంపు పీఠం మీద పడితే బాడీ అంచు చక్కగా కోసుకోవచ్చు.

గాలి రంధ్రాలు ఒక మిల్లీమీటరుకు మించకూడదు. మించితే బాడీ మీద మొటిమలు లేస్తాయి. షీటు చివరగా చేరే పల్లాల్లో వాటిని వేయాలి: ముందు అద్దం బానెట్టును కలిసే మూల, గ్రిల్లు గాళ్లు, చక్రాల కమానుల అంచు, బంపరు కింద. కప్పు మీద అవసరం లేదు. రంధ్రాన్ని అడుగునుంచి లావు బరమాతో తొలిచి, పైన చివరి రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రం సన్న బరమాతో పొడిస్తే గాలి త్వరగా పోతుంది.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చుకు రంధ్రాల బాధ తక్కువ. అది పూర్తిగా ఆరితే గాలి దాని ఒంట్లోంచే పోతుంది. కాల్చిన మట్టికీ అదే గుణం ఉంది. పలమనేరు దగ్గరి కండ్రిగ మట్టిబొమ్మలకు పేరున్న ఊరు. అలాంటి చోట కాల్చిన మట్టి అచ్చు చేయించాలనుకుంటే, మట్టి ఆరినప్పుడూ కాలినప్పుడూ కుంచించుకునే మేరను ముందే ఆ మట్టితో పలక చేసి కొలిచి చూసుకోవాలి. ప్లాస్టిక్ కుంచింపు కన్నా మట్టి కుంచింపు ఎన్నో రెట్లు ఎక్కువ.

బడుల్లో, కాలేజీల్లో త్రీడీ ప్రింటర్లు వచ్చాక కంప్యూటరులో గీసి అచ్చును ముద్రించుకునే వీలు కలిగింది. ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. 150 డిగ్రీల షీటు ఒకటి రెండుసార్లు పడితే కప్పు కుంగిపోతుంది. లోపల బోలుగా ముద్రించి ప్లాస్టర్ నింపడం, లేదా ప్రింటు నుంచి రెసిన్ పోత తీయడం మేలు.

షీటు

పరుగు కార్లకు పాలీకార్బొనేట్‌ను మించింది లేదు. గుద్దితే వంగుతుంది, పగలదు. 0.75 నుంచి 1 మిల్లీమీటరు మందం వాడుక. పైన చెప్పిన కొలతకు ఒక మిల్లీమీటరు షీటు 175 గ్రాములు తూగుతుంది. అంచులు, కమానులు కోశాక 110 గ్రాములు మిగలవచ్చు. దాని చిక్కు తేమ. గాలిలోని తేమను పీల్చుకున్న షీటును నేరుగా 180 డిగ్రీలకు తీసుకెళితే లోపల వేల బుడగలు పుట్టి తెల్లబడుతుంది. ముందుగా 120 డిగ్రీల ఓవెనులో రెండు గంటలు ఆరబెట్టాలి. పడమటి మండలాల ఎండాకాలపు పొడిగాలిలోనూ ఈ మెట్టు దాటవేయకూడదు, నవంబరు వానల్లో అయితే చెప్పనక్కర్లేదు.

కొత్తవారు పీఈటీజీ అనే ప్లాస్టిక్ షీటుతో మొదలుపెట్టడం మంచిది. పారదర్శకంగా ఉంటుంది, ఆరబెట్టే పని సాధారణంగా ఉండదు, 120 నుంచి 150 డిగ్రీల్లో చక్కగా లొంగుతుంది. ప్రదర్శనకు పెట్టే నమూనాలకు తెల్లని హిప్స్ చాలు, రంగును దాని పైముఖానికే వేసుకోవచ్చు. పీవీసీ చవకే గానీ, వేడి ఎక్కువైతే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వదులుతుంది. ఇంట్లో దాన్ని వాడొద్దు. షీట్లు పెద్ద పలకలుగా, చుట్టలుగా బెంగుళూరు నుంచి తెచ్చుకోవాలి. కుప్పంవారికి రైలే ఉంది, మదనపల్లె, పుంగనూరు వారికి బస్సు.

వేడి, దించడం

52 × 28 సెంటీమీటర్ల షీటుకు రెండున్నర నుంచి మూడు కిలోవాట్ల హీటరు కావాలి. ఇంట్లోని 16 ఆంపియర్ల సాకెట్టు దాన్ని మోయగలదు, మామూలు సాకెట్టు మోయలేదు. నడిమి భాగం కన్నా అంచులు త్వరగా చల్లబడతాయి కాబట్టి కాయిల్సును అంచుల దగ్గర దట్టంగా అమర్చాలి.

ఎన్ని నిమిషాలు వేడిచేయాలన్న ప్రశ్నకు గడియారం సరైన జవాబు ఇవ్వదు. హీటరు వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టులు 190కి పడితే వేడి మూడింట ఒక వంతు తగ్గిపోతుంది. మోటార్లు నడిచే వేళల్లో పల్లెల్లో ఇది మామూలే. కాబట్టి షీటునే చూడాలి. మొదట అది నూనెలో వేసిన అప్పడంలా అలలు తిరుగుతుంది. తర్వాత అలలు సర్దుకుని షీటు బిగువుగా, చదునుగా అవుతుంది. ఇక్కడే తొందరపడి దించేవారు ఎక్కువ. ఇంకా ఆగాలి. ఆపై నడుమ భాగం తన బరువుకు తానే కిందికి జారడం మొదలవుతుంది. ఆ జారుడు రెండు మూడు సెంటీమీటర్లకు చేరి, అంచు నుంచి అంచుకు ఒకే తీరున ఉంటే అదే అదను. ఫ్రేమును చేతి తొడుగులతో పట్టుకుని, వంకర లేకుండా, అడుగు పలక రబ్బరు అంచుకు ఆనేదాకా ఒకే ఊపున దించి వాల్వు తిప్పాలి.

మూలల దగ్గర షీటు ముడతపడి రెక్కలా నిలబడిపోవడం తరచూ ఎదురయ్యే దోషం. అక్కడ చేరిన అదనపు ప్లాస్టిక్‌కు పోయే చోటు లేక అలా అవుతుంది. వేడి తగ్గించి చూడవచ్చు. అచ్చు నాలుగు మూలల బయట చిన్న చెక్క దిమ్మలు పెట్టడం అంతకన్నా నమ్మకమైన ఉపాయం. అదనపు షీటు ఆ దిమ్మల చుట్టూ ఖర్చవుతుంది, కారు మూల శుభ్రంగా వస్తుంది. బాడీ మీద అలల మచ్చలు పడితే అచ్చు మరీ చల్లగా ఉందన్నమాట. రెండు మూడు సార్లు లాగితే అదే వెచ్చబడుతుంది.

బాడీ గట్టిపడిన వెంటనే తీసేయాలి. ఎక్కువసేపు వదిలేస్తే అది కుంచించుకుని అచ్చును కరిచిపట్టుకుంటుంది. సైకిలు పంపుతో అడుగు రంధ్రం గుండా గాలి కొట్టి చూడాలి. పారదర్శకమైన షీటయితే ఎక్కడ వదిలిందో, ఎక్కడ పట్టుకుందో కళ్లముందే కనిపిస్తుంది.

కోత, రంగు, బిగింపు

అంచులను వంకర మూతి కత్తెరతో కోస్తారు. నిటారు గీతలకు కట్టరుతో ఒకటి రెండుసార్లు గీసి వంచితే షీటు గీత వెంటే విడిపోతుంది. చక్రాల కమానులను ముందు చిన్నగా కోసి, ఛాసిస్ మీద పెట్టి చూసి, చక్రం పూర్తిగా తిరిగేలా పెంచుకుంటూ పోవాలి. కోతలో లోపలి మూలలు పదునుగా ఉండకూడదు, చీలిక అక్కడి నుంచే పుడుతుంది.

పారదర్శక బాడీకి రంగు లోపలివైపు వేస్తారు. నేలకు రాసుకున్నా రంగు చెక్కుచెదరకపోవడానికి కారణం ఇదే. ముందు గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, అచ్చు దుమ్మును, చేతి జిడ్డును పోగొట్టాలి. అద్దాలకు లోపల టేపు అంటించాలి. వరస తలకిందులుగా సాగుతుంది: మామూలు బొమ్మకు చివర వేసే చిన్న గీతలు ఇక్కడ మొదట వేయాలి, పెద్ద రంగు తర్వాత. ముదురు రంగులు ముందు, లేత రంగులు వెనక. ఎరుపు, పసుపు వంటి వాటి వెనక తెలుపు పూస్తే నిండుగా కనిపిస్తాయి. రంగు పాలీకార్బొనేట్ కోసం ప్రత్యేకంగా చేసిందే అయి ఉండాలి. టింకరింగ్ షెడ్డులోని టిన్నరు, అసిటోన్ ఈ ప్లాస్టిక్‌ను మసకబార్చి సన్నని పగుళ్లు పుట్టిస్తాయి. కారు రేకుకు ఎంత బాగా పట్టినా ఆ రంగును ఇక్కడికి తేకూడదు. పలుచని పూతలు, పూతకూ పూతకూ మధ్య ఆరే సమయం ఇస్తే బాడీ వంగినా రంగు పొరలుగా లేవదు.

ఛాసిస్ మీద నాలుగు నిలువు పుల్లలుంటాయి. వాటి కొసలకు రంగు అద్ది, బాడీని పైనుంచి మెల్లగా ఆనిస్తే రంధ్రాలు ఎక్కడ వేయాలో గుర్తు పడుతుంది. బరమాతో ఒక్కసారిగా తొలిస్తే షీటు చిరుగుతుంది. కొస సన్నగా, పోనుపోను లావుగా ఉండే రీమరును చేత్తో తిప్పుతూ రంధ్రాన్ని కొద్దికొద్దిగా పెంచాలి. పుల్ల రంధ్రంలో కొంచెం వదులుగా ఉండాలి. బిగుతుగా ఉంటే గుద్దుకున్నప్పుడు బాడీ కదలలేక అక్కడే చీలుతుంది. చీలిక కనిపిస్తే దాని కొసన చిన్న గుండ్రని రంధ్రం వేస్తే ముందుకు సాగదు. తర్వాత లోపలివైపు నుంచి గోడ పగుళ్లకు వాడే జాలీ టేపును బూట్ల జిగురుతో అంటించి ఒక రాత్రి ఆరనిస్తారు. బంపరు మూలలకు ఈ పట్టీని కొత్త బాడీ మీదే, మొదటి పరుగుకు ముందే వేసుకునేవారు ఉన్నారు. షీటు అన్నిటికన్నా పలచనైంది అక్కడే కాబట్టి అది మంచి అలవాటు.